18 నిండని వాళ్లకు విశ్వవిద్యాలయ ఫిల్మ్ సొసైటీలో చోటెక్కడ?

పదో తరగతిలోనో ఇంటర్మీడియట్‌లోనో ఉన్న పిల్లలకు సినిమా మీద ఆసక్తి ముదిరితే మొదట గుర్తొచ్చే చోటు దగ్గర్లోని విశ్వవిద్యాలయం. అక్కడ వారానికో పక్షానికో ఒకసారి సెమినార్ హాల్లో సినిమా వేస్తారు, అయ్యాక దాని గురించి మాట్లాడుకుంటారు, వీలైతే షార్ట్ ఫిల్ములూ తీస్తారు. అయితే వెళ్లి అడిగితే ఒక్కోచోట ఒక్కో జవాబు వస్తుంది. ఒకరు సంతోషంగా రమ్మంటారు. ఇంకొకరు 18 నిండాయా అంటారు. మరోచోట గుర్తింపు కార్డు లేదని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు.

అడ్డు చెప్పిన వాళ్లంతా పిల్లలంటే గిట్టనివాళ్లని అనుకోనక్కర్లేదు. ఇక్కడ మూడు సంగతులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి: ఏ సినిమాను ఎవరికి చూపించవచ్చో చెప్పే సినిమాటోగ్రాఫ్ చట్టం, ఎవరి అనుమతితో చూపించాలో చెప్పే కాపీరైట్ చట్టం, క్యాంపస్‌లో ఎవరికి ప్రవేశం ఉందో చెప్పే విశ్వవిద్యాలయ నియమాలు. వీటిని విడదీసి చూడని కమిటీ భయపడి అందరినీ కాదంటుంది, లేదా ఏదీ పట్టించుకోకుండా అందరినీ కూర్చోబెడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. టీనేజీ పిల్లలకు ఫిల్మ్ సొసైటీలో నిజమైన చోటుంది. అయితే సభ్యత్వం అడగడం కన్నా పని అడగడం, ఒంటరిగా వెళ్లడం కన్నా బడి తరఫున వెళ్లడం అక్కడికి దగ్గరి దారి.

ముందు 18 సంగతి. మన దేశంలో ఫిల్మ్ సొసైటీ అనగానే చెప్పుకునేది 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, వారి మిత్రులు పెట్టిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ. 1959లో అలాంటి సొసైటీలన్నీ కలిసి ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాగా ఏర్పడ్డాయి, రాయ్ అధ్యక్షుడయ్యారు. కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, పట్నాలతో పాటు రూర్కీ లాంటి విశ్వవిద్యాలయ పట్టణం కూడా ఆ తొలి జాబితాలో ఉంది. మన దగ్గర హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ 1974 నుంచి ఉంది. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ జిల్లా కేంద్రంలోనూ ఈ పని సాధ్యమేనని చూపించింది. ఈ సొసైటీల లక్ష్యం థియేటర్లకు రాని సినిమాలను, ముఖ్యంగా విదేశీ చిత్రాలను చూపించడం. రాయబార కార్యాలయాల నుంచో ఆర్కైవ్ నుంచో వచ్చే ఆ చిత్రాలకు మన సెన్సార్ సర్టిఫికెట్ ఉండేది కాదు. డబ్బు కోసం కాకుండా, కేవలం సభ్యులకు చూపించే పద్ధతి మీద ప్రభుత్వం వాటికి మినహాయింపు ఇస్తూ వచ్చింది. సెన్సార్ చూడని సినిమా కాబట్టి చూసేవాళ్లు పెద్దవాళ్లై ఉండాలన్నది అందులోంచి వచ్చిన ఆనవాయితీ. గోవాలో జరిగే అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, తిరువనంతపురంలో జరిగే కేరళ చలనచిత్రోత్సవం కూడా సాధారణంగా 18 నిండినవారికే డెలిగేట్ పాసు ఇస్తాయి.

అంటే 18 అనే గీత వచ్చింది సర్టిఫికెట్ లేని సినిమాల వల్ల. సర్టిఫికెట్ ఉన్న సినిమా వేస్తున్నప్పుడు ఆ గీతను అలాగే పట్టుకుని కూర్చోవడం అనవసరం. చాలా క్యాంపస్ క్లబ్బులు ఈ తేడా చూడవు. పాత సొసైటీల నియమావళిని దించుకుని, అందులోని వయసు నిబంధనను ప్రతి ప్రదర్శనకూ వర్తింపజేస్తాయి. దాంతో ఏ ఇబ్బందీ లేని సినిమాకు కూడా పదహారేళ్ల పిల్లలు బయటే నిలబడతారు.

సర్టిఫికెట్ ఉన్న సినిమాల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. యు అంటే అందరూ చూడవచ్చు. ఎ అంటే 18 నిండినవారు మాత్రమే. ఎ సర్టిఫికెట్ ఉన్న సినిమాను మైనర్లకు ఎక్కడ చూపించినా 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని ఉల్లంఘించినట్టే. క్యాంపస్‌లో ఉచితంగా వేశాం కదా అన్నది దీనికి జవాబు కాదు. మధ్యలో ఉన్న యుఎ విభాగాన్ని 2023 సవరణ మూడుగా విడదీసింది: 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు దాటినవారికి అని. ఇది తల్లిదండ్రులకు ఇచ్చే సూచన మాత్రమే. తమ పిల్లలు చూడవచ్చా లేదా అన్నది వాళ్లే నిర్ణయించుకోవాలి. తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం తీసుకున్న క్లబ్బుకు యుఎ సినిమా వేయడానికి బెంగ అక్కర్లేదు.

ఏ సినిమాకు ఏ సర్టిఫికెట్ ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. థియేటర్లో సినిమా మొదలయ్యే ముందు కొన్ని క్షణాల పాటు తెర మీద నిలిచే కాగితం అదే. సినిమా పేరు, విభాగం, నిడివి, తేదీ అందులో ఉంటాయి. క్లబ్బు పోస్టరు మీద సినిమా పేరు పక్కనే ఆ విభాగాన్ని కూడా వేస్తే చాలు, ఎవరు రావచ్చో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

రెండో చిక్కు అంత తేలిక కాదు. డబ్బు తీసుకోకపోతే ఏ సినిమానైనా వేసుకోవచ్చని క్యాంపస్‌లలో గట్టి నమ్మకం ఉంది. అది తప్పు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. సంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా ప్రదర్శిస్తే, చూసేవాళ్లు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, విద్యార్థుల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవారు మాత్రమే అయితే అది ఉల్లంఘన కాదు. ఆ జాబితాను మరోసారి చదవండి. పక్క బడి పిల్లలు అందులో లేరు. విద్యార్థి తండ్రి వచ్చి కూర్చోవచ్చు గానీ చెల్లెలి ప్రస్తావన లేదు. బయటి టీనేజర్లను పిలిచిన రోజున క్లబ్బు ఈ వెసులుబాటు బయటికి అడుగు పెట్టినట్టే.

విశ్వవిద్యాలయమే ఒక బడితో అధికారికంగా కలిసి, పేర్లు నమోదు చేసి, సినిమా పాఠ్యశిబిరం లాంటిది నడిపితే ఆ పిల్లలు ‘సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవారు’ అనవచ్చు. ఇది వాదనకు ఆస్కారమున్న చోటే గానీ హామీ కాదు. అంతకన్నా శుభ్రమైన దారులున్నాయి. నిర్మాత దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం ఒకటి. పెద్ద సంస్థల నుంచి జవాబు రావడం కష్టం కావచ్చు గానీ, చిన్న బడ్జెట్‌లో స్వతంత్రంగా తీసిన దర్శకులు విద్యార్థులు చూస్తామంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. క్యాంపస్ విద్యార్థులు తీసిన చిత్రాలు వేయడం ఇంకొకటి. ఇంట్లో ఉన్న ఓటీటీ ఖాతాతో హాల్లో సినిమా వేయడం మాత్రం దారి కాదు, ఆ చందా సొంత వాడకానికే. నెట్‌ఫ్లిక్స్ తన డాక్యుమెంటరీల్లో కొన్నింటిని విద్యా ప్రదర్శనలకు అనుమతిస్తుంది. ఆ సంగతి ఆయా చిత్రాల వివరాల్లోనే రాసి ఉంటుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన దారి పాత సినిమా. మన చట్టంలో సినిమా కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రం మీద ఆ హక్కు 2017 చివరితో ముగిసింది. రంగులద్దిన ప్రతి 2010లో విడుదలైంది, దాని మీద హక్కులు వేరుగా ఉండవచ్చు కాబట్టి నలుపు తెలుపు ప్రతినే వేయడం మంచిది. అరవై ఏళ్లు దాటిన తెలుగు సినిమా అంటే మన సినిమా చరిత్రలో ఎంతో గొప్ప కాలం. టీనేజీ పిల్లలను పిలిచే ప్రదర్శనల్ని ఆ సినిమాలతో మొదలుపెడితే చట్టం చిక్కులు చాలావరకు తీరతాయి, పిల్లలకూ ఫోను తెర మీద తప్ప చూడని సినిమాను పెద్ద తెర మీద చూసే అవకాశం వస్తుంది.

మూడో చిక్కు క్యాంపస్. విద్యార్థి క్లబ్బులో సభ్యత్వం ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులకే ఉంటుంది. అందులో అన్యాయం లేదు, క్లబ్బుకు డబ్బూ హాలూ వాళ్ల పేరు మీదే వస్తాయి. అయితే విశ్వవిద్యాలయ విద్యార్థులంటే పెద్దవాళ్లేనన్న ఊహ మన రాష్ట్రాల్లో నిలవదు. ఇంటర్ అయ్యాక నేరుగా వచ్చే మొదటి ఏడాది విద్యార్థుల్లో పదిహేడేళ్లవాళ్లు ఉంటారు. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాల సంగతి చూడండి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ఈ క్యాంపస్‌లలో పదో తరగతి కాగానే చేరతారు, ఇంటర్ లాంటి పీయూసీ రెండేళ్లు, ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదువుతారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు అక్కడ పూర్తిస్థాయి విశ్వవిద్యాలయ విద్యార్థులు, హాస్టల్లోనే ఉంటారు, కాపీరైట్ వెసులుబాటులోకీ వస్తారు. మన దగ్గర టీనేజీ ఫిల్మ్ సొసైటీ అనేది ఒకటి బలంగా వేళ్లూనుకోవాలంటే అంతకన్నా అనువైన నేల ఇంకొకటి కనిపించదు. అక్కడ క్లబ్బు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఎ సర్టిఫికెట్ సినిమాలకు పీయూసీ విద్యార్థులను పిలవకూడదు, ఇరవై ఏళ్ల సీనియర్లు ఎంత బతిమాలినా సరే.

బయటి పిల్లల విషయంలో అడగవలసింది సభ్యత్వం కాదు, పాల్గొనే అవకాశం. అది ఒక విద్యార్థి ఒంటరిగా గేటు దగ్గర నిలబడి అడిగితే దొరకదు. కమిటీలో ఉన్న పందొమ్మిదేళ్ల కార్యదర్శికి తెలియని మైనరు బాధ్యత తీసుకునే అధికారం లేదు, తీసుకోకూడదు కూడా. అదే ఒక బడి నుంచి ఉపాధ్యాయురాలు ఉత్తరం రాస్తే లెక్క మారుతుంది. ఆ ఉత్తరం వెళ్లవలసింది విద్యార్థి కమిటీకి మాత్రమే కాదు, క్లబ్బును చూసే అధ్యాపకుడికి కూడా. అందులో మర్యాద వాక్యాల కన్నా వివరాలు ముఖ్యం: ఎంతమంది వస్తారు, ఏ తరగతి, వెంట ఏ టీచరు ఉంటారు, ఏ సినిమా చూడాలనుకుంటున్నారు, దానికి ఏ సర్టిఫికెట్ ఉంది, ఎన్ని గంటలకు తిరిగి బయలుదేరాలి. ‘మా పిల్లలకు అవకాశం ఇవ్వగలరు’ అని ముగిసే ఉత్తరం ఫైల్లో పడి ఉంటుంది. ‘రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి, పన్నెండు మంది, ఐదున్నరకల్లా బస్సు’ అని ఉన్న ఉత్తరానికి జవాబు రాయక తప్పదు.

పిల్లల భద్రత గురించి మొహమాటం పనికిరాదు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో 18 లోపు వారందరూ పిల్లలే. చీకటి హాలు, సాయంత్రం వేళ, తమకన్నా నాలుగేళ్లు పెద్దవాళ్లతో చనువు, ఇవన్నీ ఉన్న చోట నియమాలు ముందే రాసుకోవాలి. వెంట వచ్చిన పెద్దలు ప్రదర్శన అయ్యేదాకా హాల్లోనే ఉండాలి. పిల్లల ఫోను నంబర్లు క్లబ్బు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు, సమాచారమంతా టీచరు ద్వారానో తల్లిదండ్రుల ద్వారానో నడవాలి. ఫొటోలు పెట్టే ముందు ఇంట్లో అడగాలి. ఇవి పాటించలేని క్లబ్బు మైనర్లను పిలవకపోవడమే మేలు, ఎంత మంచి సినిమాలు వేస్తున్నా.

లోపలికి వెళ్లాక ఏం చేయాలి? వెనక వరుసలో కూర్చుని చూసి వచ్చేస్తే అది సినిమా చూడటమే అవుతుంది. ఫిల్మ్ సొసైటీ అన్నది చూడటం చుట్టూ ఉండే పని. ఆ పనిలో టీనేజీ పిల్లలు చాలా బాగా చేయగలిగేది సబ్‌టైటిళ్లు. క్యాంపస్‌లో తీసిన తెలుగు షార్ట్ ఫిల్మును బయటి పోటీలకు పంపాలంటే ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు కావాలి. ఇతర భాషల విద్యార్థులు తీసినదాన్ని మన పిల్లలకు చూపించాలంటే తెలుగు సబ్‌టైటిళ్లు కావాలి. దీనికి ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేదు. సబ్‌టైటిళ్లు రాసే ఎస్‌ఆర్‌టి ఫైలు అంటే మామూలు నోట్‌ప్యాడ్ ఫైలే. ముందు వరుస సంఖ్య, కింద మాట మొదలయ్యే, ముగిసే సమయం, 00:04:12,300 ఇలా గంటలు, నిమిషాలు, సెకన్లు, సెకనులో వెయ్యో వంతుల్లో. దాని కింద మాట. ఒకేసారి రెండు వరుసలకు మించకూడదు, ఏడు సెకన్లు దాటి తెర మీద ఉంచకూడదు. షాటు మారిన తర్వాత కూడా పాత మాట నిలిచి ఉంటే కన్ను తికమకపడుతుంది. తెలుగులో రాసేటప్పుడు ఫైలును అన్ని భాషల అక్షరాలనూ నిలిపే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి, లేకపోతే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. ప్లేయరులో సరైన ఫాంటు లేకపోతే వత్తులు విడిపోతాయి. అందుకే ప్రదర్శన రోజున కాక ముందు రోజే అదే హాల్లో, అదే కంప్యూటరు మీద వేసి చూసుకోవాలి. ఓ పది నిమిషాల సినిమాకు ఈ పని ఓపికగా చేసిన విద్యార్థికి ఎడిటింగ్ అంటే ఏమిటో ఎవరూ వేరుగా చెప్పనక్కర్లేదు. ప్రతి కత్తిరింపునూ తన చేత్తో దాటుకుంటూ వచ్చి ఉంటాడు.

చర్చ ఇంకో పని, ఇక్కడే క్యాంపస్ క్లబ్బులు ఎక్కువగా తప్పుతాయి. సినిమా అయిపోగానే ఇద్దరు పీజీ విద్యార్థులు సిద్ధాంతాల పేర్లు మొదలుపెడితే పదో తరగతి పిల్లలు నోరు విప్పరు. అంతకన్నా ఒక దృశ్యాన్ని మళ్లీ వేయడం మంచిది. రాయ్ తీసిన పథేర్ పాంచాలి (1955)లో అప్పూ, దుర్గా రెల్లుపూల మధ్య రైలును చూసే ఘట్టాన్ని ముందు శబ్దం తీసేసి వేయండి. పిల్లలు నడుస్తారు, స్తంభానికి చెవి ఆనిస్తారు, రైలు వస్తుంది. ఇప్పుడు శబ్దంతో వేయండి. రైలు కనిపించడానికి చాలా ముందే స్తంభంలోంచి సన్నని హోరు వినిపిస్తుంది. ఏదో రాబోతోందని కంటి కన్నా ముందు చెవికి తెలుస్తుంది. ‘రెండోసారి మీకు ఏం తేడా అనిపించింది?’ అన్న ఒక్క ప్రశ్నకు పదిహేనేళ్లవాళ్లు చెప్పే జవాబులు వినితీరవలసినవి. వాళ్లకు ఎవరి పేరూ తెలియనక్కర్లేదు, విన్నది చెబితే చాలు.

సినిమా తీయడం దగ్గరికి వస్తే రెండు కాగితాలు ముందే తేల్చుకోవాలి. కెమెరా, లెన్సు, మైకు క్లబ్బు నుంచి తీసుకునేటప్పుడు పాడైతే కట్టిస్తామని సంతకం పెట్టించుకుంటారు. మన దేశంలో మైనరు చేసిన ఒప్పందం చెల్లదు, ఈ సంగతి 1903లో, బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది. కాబట్టి ఆ సంతకం తల్లిదండ్రులదో బడిదో కావాలి. రెండోది యాజమాన్యం. కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత, దర్శకుడు కాదు. క్లబ్బు డబ్బుతో తీసిన సినిమా క్లబ్బుదవుతుందా, రాసి తీసిన పిల్లలదవుతుందా అన్నది షూటింగ్‌కు ముందే ఒక పేజీలో రాసుకోవాలి. బహుమతి వచ్చాక ఈ ప్రశ్న లేస్తే స్నేహాలు చెడతాయి. పాటల విషయం వేరే చెప్పాలా? సినిమా పాటను నేపథ్యంలో వాడిన షార్ట్ ఫిల్మును ఏ మంచి ఉత్సవమూ తీసుకోదు.

ఇంత చెప్పినా అసలు అడ్డంకి ఈ మూడు చిక్కుల్లో ఏదీ కాదేమో అనిపిస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ చదివే పిల్లల్లో ఎంతోమంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. పొద్దున్న స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. సినిమాను గంభీరంగా చూడటం మొదలయ్యే వయసు సరిగ్గా అదే, వాళ్లకు నెలలో ఒక మధ్యాహ్నం కూడా మిగలని వయసూ అదే. విశ్వవిద్యాలయం తలుపు తెరిచి పెట్టినా వాళ్లు రాలేరు. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. బడిలోనే ఒక చిన్న క్లబ్బు పెట్టుకుంటే కాపీరైట్ వెసులుబాటు బడికీ వర్తిస్తుంది, గేటు సమస్య ఉండదు, విశ్వవిద్యాలయ విద్యార్థులే నెలకోసారి బడికి వచ్చి సినిమాను పరిచయం చేయవచ్చు. పన్నెండు మందిని క్యాంపస్‌కు తీసుకెళ్లడం కన్నా ఇద్దరిని బడికి పిలవడం సులువు.

ఒకప్పుడు హైదరాబాద్‌కు ఇందుకు గొప్ప ఆసరా ఉండేది. బాలల చలనచిత్ర సమితి నడిపిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి, గోల్డెన్ ఎలిఫెంట్‌కు, మన నగరమే వేదిక. అక్కడ పిల్లలే ప్రేక్షకులు, పిల్లలతో కూడిన జ్యూరీ ఉండేది, లిటిల్ డైరెక్టర్స్ పేరుతో పిల్లలు తీసిన చిత్రాలకు ప్రత్యేక విభాగం ఉండేది. 2017 నవంబరులో ఇరవయ్యోసారి జరిగింది. 1955లో పుట్టిన ఆ సమితిని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు. 18 లోపు వాళ్లను అతిథులుగా కాక హక్కుదారులుగా చూసిన వేదిక అది. దాని లోటు పూడ్చే శక్తి ఒక్క క్యాంపస్ క్లబ్బుకు ఉండదు. కానీ నెలకు ఒక ప్రదర్శనను యు లేదా యుఎ సినిమాతో, మధ్యాహ్నం వేళ, బడులకు ముందే తెలియజేసి నడపడం ప్రతి క్లబ్బుకూ సాధ్యమే.

అడగడానికి కూడా ఒక అదను ఉంటుంది. పరీక్షల ముందు ఏ కమిటీ కొత్త పని నెత్తికెత్తుకోదు, ఏడాది చివర్లో పాత కమిటీ ఇచ్చిన మాట కొత్త కమిటీకి గుర్తుండదు. కొత్త విద్యార్థులు చేరి, క్లబ్బుకు కొత్త కార్యదర్శి వచ్చి, ఏడాది సినిమాల జాబితా ఇంకా ఖరారు కాని వారాల్లో ఉత్తరం చేరాలి. బడి టీచరు ఆ ఉత్తరంతో పాటు తాము చూడాలనుకుంటున్న మూడు సినిమాల పేర్లు, వాటి విడుదల సంవత్సరాలు, సర్టిఫికెట్ వివరాలు జతచేస్తే, కార్యదర్శి ఆ కాగితాన్ని నేరుగా జాబితా తయారుచేసే సమావేశానికే తీసుకెళ్లవచ్చు.